గుమాస్తా రామానుజన్ గారు - జాబితాలోకి రాని ఒక సంఖ్య

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించి, కవుల గురించి నాకన్న బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా లెక్కల సెక్షనులో కలం అరగదీసినవాణ్ణి. అందుచేత మనలాంటి ఒక గుమాస్తా గురించే రాస్తాను. ఆయన ఉద్యోగం మూడవ తరగతి, నాలుగవ గ్రేడు. జీతం నెలకు 30 రూపాయలు. ఆఫీసు మద్రాసు పోర్టు ట్రస్టు, అకౌంట్స్ విభాగం. పేరు శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ గారనగానే అందరికీ 1729 గుర్తుకు వస్తుంది. జబ్బుతో మంచం మీద ఉండి కూడా, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల అతి చిన్న సంఖ్య 1729 అని ఆయన వెంటనే చెప్పిన కథ మన మనవళ్ళ పాఠ్యపుస్తకాల దాకా వచ్చింది. 12 ఘనానికి 1 ఘనం కలిపినా, 10 ఘనానికి 9 ఘనం కలిపినా వచ్చేది అదే. నేను చెప్పబోయేది ఆ సంఖ్య గురించి కాదు. దానికన్నా చాలా పెద్దది, ఆయన స్వహస్తాలతో తయారుచేసిన ఒక జాబితాలో ఉండవలసి కూడా లేకుండా పోయిన సంఖ్య మరొకటి ఉన్నది. దాని సంగతి చెప్పాలంటే ముందు ఆయన జీవితం కొంత చెప్పుకోవాలి.

రామానుజన్ గారు 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట్లో పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగారు బట్టల కొట్లో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్. బడిలో ఉండగానే కార్ అనే ఆయన రాసిన గణిత సంగ్రహం ఒకటి ఈ పిల్లవాడి చేతిలో పడింది. అందులో వేలకొద్దీ సూత్రాలున్నాయి గాని చాలావాటికి నిరూపణలు లేవు. ఒక్కొక్కటీ తానే సాధించుకుంటూ పోయారు. ఆ తరువాత ఆయనకు ఇంకే పాఠమూ తలకెక్కలేదు.

1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్పుతో చేరారు. లెక్కలు తప్ప మిగతావి చదవక స్కాలర్‌షిప్పు పోగొట్టుకున్నారు. ఆ అవమానంతో 1905లో, పదిహేడేళ్ళ వయసులో, ఇంట్లో చెప్పకుండా బయలుదేరి మన విశాఖపట్నం వచ్చారు. మళ్ళీ ఇంటికి చేరి, 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరారు. అక్కడా ఎఫ్.ఏ. తప్పారు. లెక్కల్లో మెరిసిన కుర్రవాణ్ణి శరీరశాస్త్రం దెబ్బతీసింది. 1909లో జానకి అనే పదేళ్ళ అమ్మాయితో పెళ్ళయింది. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, సంసారం మాత్రం వచ్చింది.

అప్పటికే నోటు పుస్తకాల నిండా సూత్రాలున్నాయి. కాగితం కొనే స్తోమతు లేక పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచి, ఫలితం మాత్రం పుస్తకంలో ఎక్కించేవారు. ఆ పుస్తకాలు చంకలో పెట్టుకుని ఉద్యోగం కోసం తిరిగారు. అప్పట్లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు గారు ఆ పుస్తకాలు చూసి, నెలకు 25 రూపాయలు తన జేబులోంచి ఇచ్చి కొంతకాలం పోషించారు. ఊరికే కూర్చుని ఒకరి సొమ్ము తినడం రామానుజన్ గారికి నచ్చలేదు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో 20 రూపాయల మీద కొన్ని వారాలు తాత్కాలికంగా పనిచేశారు. 1912 మార్చి 1న పోర్టు ట్రస్టులో చేరారు.

అక్కడ ఆయన అదృష్టం, పై అధికారులు మంచివాళ్ళు. చీఫ్ అకౌంటెంట్ ఎస్. నారాయణ అయ్యరు గారు స్వయంగా గణితం తెలిసినవారు. ఛైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ గారు ఇంజనీరు. కింది గుమాస్తా తీరిక వేళల్లో ఏదో రాసుకుంటున్నాడని మెమో ఇవ్వకుండా, రాసుకుంటున్నది ఏమిటో చూశారు. వారి ప్రోత్సాహంతో 1913 జనవరి 16న రామానుజన్ గారు కేంబ్రిడ్జిలో ఉన్న హార్డీ గారికి ఉత్తరం రాశారు. తాను పోర్టు ట్రస్టు లెక్కల విభాగంలో గుమాస్తానని, ఏడాదికి 20 పౌన్ల జీతమని అందులో మొదటే చెప్పుకున్నారు. వయసు సుమారు 23 అని వేశారు. నిజానికి అప్పటికి 25 నిండాయి. సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ సరిచూసే అలవాటున్న నాకు అది కంటబడక తప్పలేదు.

ఆ ఉత్తరం ఏం చేసిందో లోకానికి తెలుసు. 1913 మే నుంచి మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. పోర్టు ట్రస్టు ఉద్యోగానికి సెలవు పెట్టారు. ఆ సెలవు నుంచి మళ్ళీ డ్యూటీలో చేరింది లేదు. అంటే కుర్చీలో కూర్చుని చేసిన సర్వీసు పధ్నాలుగు నెలలు. ఈ అంకె గుర్తుంచుకోండి, చివర మళ్ళీ అవసరం పడుతుంది. 1914 మార్చి 17న నెవాసా అనే ఓడలో ఇంగ్లండుకు బయలుదేరారు. ఆ ఏడాది ఆగస్టులోనే యుద్ధం వచ్చింది. శాకాహారి. గదిలో తనే వండుకుని తినేవారు. చలి, యుద్ధకాలపు కరువు, ఒంటరితనం. అటువంటి రోజుల్లో తయారైనదే నేను చెప్పిన జాబితా.

ఆ జాబితా దేనికి సంబంధించినదో మనకు తెలిసిన లెక్కల్లో చెబుతాను. మన పెద్దలు రోజుకు 60 ఘడియలన్నారు. మన సంవత్సరాలు ప్రభవ నుంచి అక్షయ దాకా 60. గంటకు 60 నిమిషాలు, రోజుకు 24 గంటలు, డజనుకు 12, వృత్తానికి 360 డిగ్రీలు. ఇవే ఎందుకు? పంచుకోవడానికి వీలుగా ఉంటాయి కనుక. 12ను శేషం లేకుండా భాగించేవి 1, 2, 3, 4, 6, 12 - మొత్తం ఆరు. 12కు లోపు ఏ సంఖ్యకూ ఆరు కారణాంకాలు లేవు. 60కి పన్నెండు ఉన్నాయి. 60కి లోపు ఏ సంఖ్యకూ అన్ని లేవు. ఇలా తనకన్న చిన్నవాటన్నిటికంటె ఎక్కువ కారణాంకాలు గల సంఖ్యలకు రామానుజన్ గారు హైలీ కాంపోజిట్ నంబర్లని పేరు పెట్టారు. మనం బహుసంయుక్త సంఖ్యలనుకుందాం. 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120, 180, 240, 360 ఇలా సాగుతాయి. దూరం వెళ్ళేకొద్దీ పట్టుకోవడం కష్టమవుతుంది.

కారణాంకాలు లెక్కపెట్టడానికి ఒక సులువు ఉన్నది. సంఖ్యను ప్రధాన సంఖ్యల కింద విడగొట్టండి. 12 అంటే 2 రెండు సార్లు, 3 ఒకసారి. ఒక్కొక్క సారికీ ఒకటి కలిపి గుణించండి. మూడు రెళ్ళు ఆరు. అంతే. ఈ బహుసంయుక్త సంఖ్యల్లో ఒక క్రమశిక్షణ ఉందని రామానుజన్ గారు చూపించారు. 2 ఎక్కువసార్లు వస్తుంది. 3 అంతకు మించి రాదు. 5 దానికి మించి రాదు. మధ్యలో ఏ ప్రధాన సంఖ్యనూ దాటవెయ్యడం ఉండదు. చివరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుంది. దీనికి మినహాయింపులు 4, 36 రెండే. జీతాల స్కేళ్ళలాగా పైనుంచి కిందికి దిగుతూ పోతుందన్నమాట.

ఈ విషయం మీద ఆయన పెద్ద వ్యాసం 1915లో లండన్ మేథమెటికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఎఫ్.ఏ. తప్పిన మనిషికి ఈ పని మీదనే 1916 మార్చిలో కేంబ్రిడ్జి వారు బి.ఏ. పట్టా ఇచ్చారు. అందులో వందకు పైగా సంఖ్యల పట్టిక ఉన్నది. ప్రతి సంఖ్యకూ ఎదురుగా దాని కారణాంకాలెన్నో, ఏయే ప్రధాన సంఖ్యల గుణకారమో వేసి ఉంటుంది. యంత్రం లేదు, సహాయకుడు లేడు. ఆఖరి పద్దు 67,46,32,83,88,800. అంటే ఆరు లక్షల డెబ్బై నాలుగు వేల ఆరు వందల ముప్పై రెండు కోట్ల ఎనభై మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల ఎనిమిది వందలు. దానికి కారణాంకాలు 10,080.

ఆ పట్టికలో ఒక్క పద్దు తప్పిపోయింది. తరువాతి వారు తిరిగి లెక్క వేసుకున్నప్పుడు బయటపడింది. ఆ సంఖ్య 2,93,31,86,25,600. ఇరవై తొమ్మిది వేల మూడు వందల ముప్పై ఒక్క కోట్ల ఎనభై ఆరు లక్షల ఇరవై అయిదు వేల ఆరు వందలు.

ఈ సంగతి చదివిన రోజున నేను ఒక పాత డైరీ తీసుకుని చేత్తో లెక్క చేసి చూశాను. మీరూ చెయ్యవచ్చు, ఎక్కాలు వస్తే చాలు. 2 ఆరు సార్లు, 3 నాలుగు సార్లు, 5 రెండు సార్లు, 7 రెండు సార్లు, ఆపైన 11, 13, 17, 19 ఒక్కొక్కసారి వేసి గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. కారణాంకాలకు ఒక్కొక్కటి కలపండి. ఏడు అయిదులు 35. దాన్ని 3తో గుణిస్తే 105. మళ్ళీ 3తో 315. మిగిలిన నాలుగింటికీ రెండేసి చొప్పున 16. 315 పదహార్లు 5,040. ఇంతకన్న చిన్న సంఖ్య దేనికీ ఇన్ని కారణాంకాలు లేవు. 1 నుంచి 22 దాకా ఏ సంఖ్యతో భాగించినా శేషం మిగలదు. 23 దగ్గర ఆగిపోతుంది.

ఇంకొక తమాషా. కారణాంకాల లెక్కగా వచ్చిన 5,040 కూడా బహుసంయుక్త సంఖ్యే. దానికి 60 కారణాంకాలు. ఆ 60 కూడా అటువంటిదే, దానికి 12. ఆ 12కు ఆరు, ఆరుకు నాలుగు. అన్నీ జాబితాలో ఉన్నవే.

అన్నిటికన్న నన్ను ఆపింది మరొకటి. పట్టికలోని ఆఖరి పద్దును 23తో భాగించి చూశాను. సరిగ్గా ఈ తప్పిపోయిన సంఖ్యే వచ్చింది. ఆఖరి సంఖ్య పక్కన ఆయనే వేసిన గుణకారంలోంచి 23ను తీసేస్తే మిగిలేది ఇదే. పద్దు వెయ్యకపోయినా, ఆ సంఖ్య మరొకదాని లోపల దాగి ఆయన కాగితం మీదనే ఉన్నది.

అంతటి మనిషికి ఇది ఎలా తప్పిందని మా అబ్బాయి అడిగాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు. లెక్కల సెక్షనులో పనిచేసినవాడికి తెలుసు, తప్పుల్లో రెండు రకాలు. తప్పుగా వేసిన అంకె ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. అసలు వెయ్యని పద్దు దొరకదు. ఉన్న పద్దులన్నీ ఒక్కొక్కటే సరిచూడండి, అన్నీ సరిగానే ఉంటాయి. లేనిదానికి టిక్కు పెట్టడానికి చోటెక్కడ?

ఇది నా అనుభవం కూడా. సర్వీసులో ఉండగా ఒకసారి బకాయిల జాబితా నేను తయారు చేశాను. అందులో ఒక అటెండరు పేరు వదిలేశాను. మొత్తం రెండుసార్లు కూడాను, సరిపోయింది. సరిపోక ఏమవుతుంది? జాబితాలో లేని మనిషి సొమ్ము మొత్తంలోనూ లేదు. పై అధికారి సంతకం పెట్టారు. అందరికీ డబ్బు అందింది. ఆ మనిషి పెద్దగా అడిగేరకం కాదు, వస్తుందిలే అని ఊరుకున్నాడు. అది నా దృష్టికి వచ్చి, మళ్ళీ బిల్లు పెట్టి, డబ్బు చేతికి అందేసరికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా అతడు కూతురి పెళ్ళికి వడ్డీకి అప్పు తెచ్చుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఏ జాబితా రాసినా హాజరు పట్టీ పక్కన పెట్టుకుని తలలు లెక్కపెట్టడం అలవాటు చేసుకున్నాను.

రామానుజన్ గారి పద్దు తప్పిపోతే ఎవరి ఇంటా పొయ్యి ఆరలేదు. సిద్ధాంతం ఆ పట్టిక మీద ఆధారపడినది కాదు. అయినా అది కనిపెట్టినవారు ఆయనను తక్కువ చెయ్యలేదు. పద్దు పూరించి ముందుకు వెళ్ళారు. ఆ వ్యాసానికే ఇంకొక కొరత కూడా కలిగింది. అప్పట్లో ఆ సొసైటీకి డబ్బు ఇబ్బంది ఉండటంతో వ్యాసంలో కొంత భాగం అచ్చు కాకుండా ఆగిపోయింది. ఆ రాతప్రతి 1988లో ఆయన ఇతర కాగితాలతోపాటు ప్రతిరూపంగా వెలువడింది. నికోలా, రోబిన్ అనే ఫ్రెంచి గణితజ్ఞులు 1997లో దానికి వివరణలు చేర్చి ప్రకటించారు. ఎనభై ఏళ్ళు దాటిన తరువాత ఆ పేజీలు తమ చోటికి చేరాయి.

మిగతా జీవితం త్వరగా ముగిసింది. 1917లో జబ్బుపడ్డారు. క్షయ అని అప్పటి వైద్యులు మందిచ్చారు. కాలేయానికి పాకిన అమీబా వ్యాధి కావచ్చునని 1994లో ఒక వైద్యుడు ఆనాటి వివరాలు పరిశీలించి అభిప్రాయపడ్డారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, అదే ఏడాది ట్రినిటీ కళాశాల ఫెలోషిప్పు వచ్చాయి. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌన్లు మంజూరు చేసింది. దానికి 1919 జనవరిలో ఆయన ఇచ్చిన జవాబు ఆయన స్వభావం చెబుతుంది. తల్లిదండ్రులకు ఏటా 50 పౌన్లు ఇప్పించి, తన అవసరాలు పోగా మిగిలినది పేద పిల్లల, అనాథల బడి ఫీజులకు వాడవలసిందిగా కోరారు. 30 రూపాయల జీతం తిన్న మనిషి ఆ జీతపు రోజులను మరిచిపోలేదు.

1919 మార్చిలో బొంబాయిలో దిగారు. అక్కడినుంచి మద్రాసు. ఆఖరి నెలల్లో మంచం మీదనుంచే కాగితాలు నింపారు. వాటిలో పెద్ద కట్ట ఒకటి 1976లో ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో ఆండ్రూస్ అనే అమెరికన్ ఆచార్యునికి దొరికి, లాస్ట్ నోట్‌బుక్ అని ప్రసిద్ధి కెక్కింది. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో రామానుజన్ గారు కన్నుమూశారు. వయసు 32.

సాధారణంగా ఆయన జీవిత చరిత్రలు ఇక్కడ ముగుస్తాయి. పెన్షనర్ల పత్రికలో రాసేవాడిగా నేను ఇక్కడ ముగించలేను. ఇంకొక పేరు మిగిలి ఉన్నది. జానకి అమ్మాళ్ గారు. భర్త పోయేనాటికి ఆమె వయసు 21. పెళ్ళయి పదేళ్ళు దాటినా కలిసి ఉన్నది మహా అయితే మూడేళ్ళు. పిల్లలు లేరు. కొన్నాళ్ళు బొంబాయిలో అన్నగారి వద్ద ఉండి కుట్టుపని నేర్చుకున్నారు. తరువాత మద్రాసు చేరి ట్రిప్లికేనులో ఉంటూ, విశ్వవిద్యాలయం వారి కొద్దిపాటి పింఛనూ, కుట్టుమిషనూ ఆధారంగా బతికారు. 1950లో ఒక అనాథ బాలుణ్ణి చేరదీసి పెంచి పెద్దచేశారు. భర్త అనాథల ఫీజుల కోసం ఉత్తరం రాస్తే, ఆమె ఒక అనాథను ఇంటికే తెచ్చుకున్నారు.

1962లో రామానుజన్ గారి బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. ప్రపంచమంతా ఆయన పేరు చెప్పుకుంటున్నది. ఆమెను గుర్తు చేసుకున్నవారు మాత్రం తక్కువ. ఆలస్యంగానైనా ఆ పద్దు పడింది. ఆమె చివరి ఏళ్ళలో మద్రాసు పోర్టు ట్రస్టు వారు జీవితాంతం పింఛను మంజూరు చేశారు. పధ్నాలుగు నెలలు పనిచేసి సెలవు పెట్టి వెళ్ళిపోయిన గుమాస్తా భార్యకు ఏ నిబంధన కింద ఇచ్చారని నేను అడగను. ఇన్నేళ్ళు రూల్సు వల్లించినవాడిగా, ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన చేతికి నమస్కరిస్తాను. తమిళనాడు, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలతోపాటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఆమెకు పింఛను ఇచ్చింది. ఇంట్లోంచి పారిపోయి విశాఖ వచ్చిన కుర్రవాడి ఇల్లాలికి, నెల్లూరు కలెక్టరు గారు నెలకు పాతిక రూపాయలిచ్చి ఆదుకున్న మనిషి ఇల్లాలికి మనవాళ్ళు ఆ మాత్రం చెయ్యడం న్యాయమే. 1994 ఏప్రిల్‌లో ఆమె పరమపదించారు. భర్త పోయిన తరువాత 74 ఏళ్ళు జీవించారు.

ఒక జాబితాలో ఒక సంఖ్య, ఒక జీవితంలో ఒక మనిషి. రెండూ మొదట లెక్కలోకి రాలేదు. ఎవరో ఒకరు ఓపికగా వెనక్కు వెళ్ళి చూసినందువల్ల తరువాత వచ్చాయి.

మిత్రులకు చివరిగా ఒక మనవి. ఈ వ్యాసం చదివాక మీ మనవరాలి చేత ఆ సంఖ్యను 1 నుంచి 22 దాకా భాగింపించండి, పిల్లకు సరదాగా ఉంటుంది. ఆ తరువాత బీరువాలోంచి మీ పి.పి.ఓ. పుస్తకం తీయండి. కుటుంబ పింఛనుకు మీ శ్రీమతి పేరు ఉన్నదా, స్పెల్లింగు సరిగా ఉన్నదా, పుట్టినతేదీ ఆధార్ కార్డుతో సరిపోతున్నదా చూసుకోండి. లేకపోతే ఇవాళే అర్జీ పెట్టండి. రాయడం రాకపోతే మన సంఘం ఆఫీసుకు రండి. మంగళవారం, శుక్రవారం ఉదయం నేను అక్కడే ఉంటాను.